పది టన్నుల కాంక్రీటు కింద

"కొత్త ఇందిరమ్మ ఇంట్లో ఇది మొదటి వేసవి. రాత్రి పదైనా స్లాబు సెగ తగ్గట్లేదు, ఎందుకండీ?" అని ఖమ్మం జిల్లా పాఠకురాలు ఒకరు అడిగారు. ఆ సెగకు లెక్క ఉంది, అది వేయడమంటే నాకు చాలా ఇష్టం.

400 చదరపు అడుగుల ఇల్లు, అయిదంగుళాల స్లాబు అనుకుందాం. అంటే నెత్తిమీద పది టన్నుల పైచిలుకు కాంక్రీటు. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు. ఇస్త్రీ పెట్టె కూడా దాదాపు అంతే కాబట్టి దాన్నే కొలతగా పెట్టుకుందాం. ఆ డాబా మీద 37 ఇస్త్రీ పెట్టెలు కాలుతున్నట్టు లెక్క. పాతబడిన సిమెంటు స్లాబు అందులో మూడింట రెండొంతులు, అంటే పాతిక పెట్టెల వేడి పీల్చుకుంటుంది. చాలా భాగం పైగాలికే పోయినా మిగిలింది కిందికి దిగుతుంది. ఆ వేడి స్లాబును దాటడానికి మూడు గంటల పైనే పడుతుంది. ఒంటిగంట ఎండ గదిలోకి వచ్చేది నాలుగు దాటాకే.

ఆ తర్వాత స్లాబు చల్లారాలి కదా! ఒక్క డిగ్రీ తగ్గాలంటే 2.6 యూనిట్ల వేడి వదలాలి, ఇస్త్రీ పెట్టె రెండున్నర గంటలు కాలినంత. పది డిగ్రీలకు 26 యూనిట్లు. అందులో కొంత ఆకాశానికి పోతుంది, కొంత కింద పడుకున్నవాళ్ల మీదికే వస్తుంది.

బడిలో ఉష్ణవహనం పాఠానికి లోహపు కడ్డీకి మైనంతో గుండుసూదులు అంటించి చూపిస్తాం. గంటకోసారి పిల్లల చేత డాబా పైనా కిందా ఉష్ణోగ్రత కొలిపిస్తే ఆ పాఠం జన్మలో మరిచిపోరు.

డాబాకు తెల్ల సున్నం వేస్తే పాతిక పెట్టెలు పదికి దగ్గరగా దిగుతాయి. దుమ్ము పడితే తెలుపు పనిచేయదు, అందుకే ఏటా ఎండలకు ముందే వేయించాలి. ఇలా కప్పులను చల్లగా ఉంచడానికే తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది.

ఇన్సులేషన్, అంటే వేడిని అడ్డుకునే పొర, రెండో మెట్టు. ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరు కప్పులోంచి ఎన్ని వాట్లు దిగుతాయో చెప్పేది యూ-వాల్యూ. ఉత్త స్లాబుకు అది 3.4 దాకా ఉంటుంది. ఇళ్లలో కరెంటు ఆదా కోసం కేంద్రం 2018లో తెచ్చిన నిబంధనావళి ఎకో నివాస్ సంహిత పెట్టిన హద్దు 1.2. స్లాబు మీద రెండు సెంటీమీటర్ల థర్మోకోల్ రకం బోర్డు, దానిపై టైల్స్ వేస్తే ఆ హద్దులోకి వచ్చేస్తాం. కానీ ఆ సంహిత 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకు. దాని అవసరం ఎక్కువగా ఉన్న చిన్న ఇల్లే బయట ఉండిపోయింది. ఇది నాకు బాధగా ఉంటుంది.

ఏసీ లేని ఇంటికి నా ఓటు ముందు సున్నానికే. ఇన్సులేషన్ రాత్రి వేడిని పైకి పోనివ్వదు. దాన్ని వేస్తే రాత్రి కిటికీలు తెరిచే ఉంచాలి, గాలి ఒకవైపు వచ్చి మరోవైపు పోవాలి. వాస్తు పేరు చెప్పి ఎదురు కిటికీని పూడ్చేసిన ఇంట్లో ఆ వేడి ఎటూ పోలేదు.