మీ జపాన్ లిస్టు చూశాను

చిన్నోడికి, బుజ్జితల్లికి అమ్మమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ వాట్సాప్‌లో పంపిన మీ లిస్టు రెండుసార్లు చదివాను. 8 రోజుల్లో 22 చోట్లు! రంగు పెన్నులతో ఎంత ముచ్చటగా రాశారో. కానీ ఏ ఊరు, ఏ గుడి అని రాశారు గానీ, ఏ పూట వెళ్లాలో ఎక్కడా రాయలేదు. టోక్యోలో నిషికసాయిలో మీ పిన్ని దగ్గర రెండుసార్లు ఉండి వచ్చాక నాకు బాగా అర్థమైంది అదే. ఎక్కడికి వెళ్లామన్నది ఎంత ముఖ్యమో, ఎన్ని గంటలకు వెళ్లామన్నదీ అంతే ముఖ్యం.

ముందు తేదీల సంగతి. మీ సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి కాబట్టి మీ నాన్నగారు 29కి టికెట్లు చూస్తున్నారట. సరిగ్గా ఆ రోజు నుంచే జపాన్ వాళ్లకీ సెలవులు. ఏప్రిల్ 29, మళ్లీ మే 3, 4, 5. ఆ వారాన్ని గోల్డెన్ వీక్ అంటారు. సంక్రాంతికి మన హైదరాబాద్ బస్టాండ్ ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి, అక్కడి స్టేషన్లు అలా ఉంటాయి. అన్నిటికన్నా వేగంగా వెళ్లే నొజొమి బుల్లెట్ రైళ్లలో ఆ రోజుల్లో రిజర్వేషన్ లేని పెట్టెలే ఉండవు. హోటళ్ల ధరలు కూడా బాగా పెరుగుతాయి. ఒక్క 10 రోజులు ఆగి మే రెండో వారంలో బయల్దేరమని నాన్నగారితో చెప్పండి. ఎండ హాయిగా ఉంటుంది, జనమూ తగ్గుతారు. మరీ ఆలస్యం చేసినా కుదరదు, జూన్ వచ్చిందంటే వానలు పట్టుకుంటాయి.

ఆ వానల్లోనే మేం ఫూజీ పర్వతం చూడాలని కవగుచి సరస్సు దగ్గర రెండు రోజులున్నాం. 3,776 మీటర్ల కొండ ఎదురుగానే ఉందని అందరూ చెబుతున్నారు, మాకు మాత్రం తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనబడలేదు. తాతయ్యకు ఎంత దిగులేసిందో. రెండోసారి జనవరిలో వెళ్లాం. చలికాలంలో ఆకాశం తేటగా ఉంటుంది. టోక్యో నుంచి క్యోటో వెళ్లే రైల్లో ముప్పావు గంట గడిచేసరికి కుడివైపు కిటికీ నిండా ఆ కొండే, నడుం దాకా మంచుతో! తాతయ్య మాట్లాడకుండా అలా చూస్తూనే ఉండిపోయారు. మీరు మేలో వెళతారు కాబట్టి కనబడుతుందో లేదో ముందే చెప్పలేం. అందుకని ఫూజీ కోసం విడిగా రోజు పెట్టుకోకండి. పొద్దున బయల్దేరే రైల్లో కుడివైపు, E అక్షరం ఉన్న సీటు బుక్ చేయించుకోండి. కనబడితే అదృష్టం.

లిస్టులో క్యోటోకి ఒకే రోజు ఇచ్చి 7 గుళ్లు రాశారు. ఇది మాత్రం నేను ఒప్పుకోను. మూడు చాలు, వాటినైనా తెరిచే వేళల ప్రకారం పెట్టుకోవాలి. ఫుషిమి ఇనారికి తలుపులు వేయడం, టికెట్టు కొనడం అంటూ ఏమీ లేవు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. క్యోటో స్టేషన్ నుంచి నారా వైపు వెళ్లే లోకల్ రైల్లో రెండో స్టేషన్. కియోమిజు గుడి పొద్దున 6కే తెరుస్తారు. బంగారు రేకు తాపడం చేసిన కింకకుజి 9కి గానీ తెరవరు. ఒకరోజు తెల్లవారుజామున ఇనారి, మర్నాడు 6 గంటలకు కియోమిజు, అక్కణ్నుంచి కింకకుజి. మధ్యాహ్నాలు రూముకొచ్చి పడుకోండి. క్యోటో సిటీ బస్సులు ఆ వేళకి కిక్కిరిసి ఉంటాయి.

ఇనారికి మేం ఆరున్నరకు చేరాం. కొండ మీదికి వేల ఎర్రటి తోరణాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, మన గుళ్ల ముందు ద్వారాల్లాంటివి. వాళ్లు తొరీ అంటారు. పైకి ఎక్కుతుంటే అంతా ఎరుపే, ఒక్క అక్షరం ఉండదు. దిగేటప్పుడు చూస్తే ప్రతి స్తంభం వెనకా నల్లటి అక్షరాలు నిలువుగా రాసి ఉన్నాయి. అవి ఆ తోరణం ఇచ్చిన వాళ్ల పేరూ, ఇచ్చిన తేదీనట. కొన్నిటి రంగు వెలిసి అడుగున చెక్క మెత్తబడింది. కొన్ని నిన్ననే వేసినట్టు మెరుస్తున్నాయి. ఒక ముసలాయన చీపురుతో మెట్లు ఊడుస్తుంటే ఆ చప్పుడొక్కటే వినబడింది. పదిన్నరకు కింద స్టేషన్‌కు వచ్చేసరికి అదే దారిలో మనిషి వెనక మనిషి, కాలు పెట్టే సందు లేదు. మీ లిస్టు ప్రకారం వెళితే మీరు చూసేది ఆ రెండో దృశ్యమే.

మియాజిమా దీవి గురించి కూడా చెబుతాను. సముద్రంలో నిలబడ్డ పెద్ద తోరణం ఫొటో మీ లిస్టులో అతికించారుగా, అదే. ఇప్పుడున్నది 1875లో కట్టింది, ఎత్తు 16 మీటర్ల పైనే. పెద్ద స్తంభాలు రెండూ కర్పూరం చెట్టు మానులు. వాటిని నేలలో పాతలేదు. పై దూలంలో రాళ్లు నింపి ఆ బరువుతోనే నిలబెట్టారు. పోటు మీదున్నప్పుడు అది నీళ్ల మీద తేలుతున్నట్టు ఉంటుంది. నీళ్లు బాగా తీసినప్పుడు కాళ్లకు ఇసుక అంటుకుంటూ దాని దగ్గరకే నడిచి వెళ్లొచ్చు. పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు తేడా ఉంటుంది, ఆ వేళ రోజురోజుకీ ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతుంది. పౌర్ణమికీ అమావాస్యకీ నీళ్లు ఎక్కువ తీస్తాయి. మీ ప్రయాణం రోజుల్లో తిథులు నేను పంచాంగంలో చూసి పెడతాను, అసలు వేళలు మీరు నెట్‌లో చూసి రాయండి. ఒక రాత్రి ఆ దీవిలోనే ఉంటే రెండూ చూడొచ్చు.

దారిలో హిరోషిమా. అక్కడ మాత్రం గడియారం చూసుకుంటూ తిరగకండి. 1945 ఆగస్టు 6 పొద్దున 8:15కి ఆ ఊరి మీద అణుబాంబు పడింది. అప్పుడు రెండేళ్ల పిల్లగా ఉన్న ససాకి సడాకోకి తర్వాత రక్త కేన్సర్ వచ్చింది. ఆసుపత్రిలో కాగితం కొంగలు మడుస్తూ, 12 ఏళ్లకు 1955లో చనిపోయింది. బుజ్జితల్లీ, నీ వయసే. ఆమె స్నేహితులు, దేశంలోని బడిపిల్లలు చందాలు పోగేస్తే 1958లో పిల్లల స్మారకం కట్టారు. ఎక్కడెక్కడి పిల్లలో అక్కడికి కొంగలు తెచ్చి పెడతారు. మీరూ ఇంట్లోనే మడిచి దండగా కట్టి తీసుకెళ్లండి.

నారాకి సగం రోజు సరిపోతుంది. అక్కడి జింకలు బిస్కెట్ల కోసం తల వంచి దండం పెడతాయి. బిస్కెట్లు అయిపోగానే రెండు ఖాళీ చేతులూ చూపించండి, లేకపోతే చొక్కా పట్టి లాగుతాయి. తొదైజి గుడిలో పెద్ద బుద్ధుడికి 752లో కళ్లు దిద్దింది మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు. ఆ విగ్రహం ముందు నిలబడినప్పుడు అది గుర్తు తెచ్చుకోండి.

రైలు పాస్ తీసుకోవాలా అని చిన్నోడు అడిగాడు. ఏడు రోజుల పాస్ ధర 2023 అక్టోబర్‌లో 29,650 యెన్‌ల నుంచి 50,000కి పెంచారు. టోక్యో నుంచి హిరోషిమాకు రానూపోనూ పెద్దవాళ్లకు 40,000 లోపే అవుతుంది, నీలాంటి 12 ఏళ్లు నిండని పిల్లలకు సగమే. లెక్క వేసి నాన్నగారికి నువ్వే చూపించు.

తిండి గురించి పిన్ని చూసుకుంటుంది, టెన్షన్ వద్దు. అక్కడ కూరగాయల సూప్‌లో కూడా ఎండు చేపతో కాచిన దాషి అనే నీళ్లు పోస్తారు. తాతయ్య కోసం నేను రోజూ పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకునేదాన్ని. వీధుల్లో చెత్తబుట్టలు చాలా తక్కువ, ఒక కవరు దగ్గరుంచుకోండి. క్యోటోలో గియోన్ అనే పేటలో అక్కడివాళ్ల సొంత సందులు ఉంటాయి, 2024 నుంచి వాటిలోకి టూరిస్టులు వెళితే 10,000 యెన్‌ల జరిమానా. పట్టుబట్టలు కట్టుకుని పనికి వెళ్లే ఆడపిల్లల వెంటపడి ఫొటోలు తీయడం వల్లే అలా పెట్టాల్సి వచ్చింది. మీరు పెద్దవాళ్లతో ఉన్నా, ఎవరినీ అడగకుండా ఫొటో తీయకండి.

ఇక మీకు అన్నిటికన్నా ఇష్టమైనది, జిబ్లీ అనే కార్టూన్ సినిమాల కంపెనీ వాళ్ల మ్యూజియం. టికెట్లు అక్కడ గేటు దగ్గర అమ్మరు. ప్రతి నెలా 10న, జపాన్ టైము పొద్దున 10కి, తర్వాతి నెల టికెట్లు అమ్మకానికి పెడతారు. వాళ్ల టైము మనకన్నా మూడున్నర గంటలు ముందు. అంటే మన ఇంట్లో 6:30. మ్యూజియం ఉన్న ఇనొకషిర పార్కులో చెరువు మధ్య బెంజైతెన్ గుడి ఉంది. బెంజైతెన్ అంటే మన సరస్వతే. నా తరఫున దండం పెట్టి రండి.

లిస్టు మళ్లీ రాసి, ప్రతి చోటు పక్కనా గంట వేసి పంపండి. ఏప్రిల్ 10 పొద్దున 6 గంటలకు నేను ఫోన్ చేసి మీ ఇద్దరినీ లేపుతాను.

మీ
అమ్మమ్మ