విసనకర్ర వేళ్ళ బల్లి

మస్కట్‌లో డ్రైవరుగా ఉన్న మా తమ్ముడు మొన్న కొండల్లోకి వెళ్ళి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. నిలువు బండ మీద ఇసుకరంగు బల్లి. కింద "అన్నయ్యా, ఇది మన బల్లేనా? వేళ్ళు చూడు" అని రాశాడు. ఫొటో పెద్దది చేసి చూస్తే, ప్రతి వేలి కొసనా బుల్లి తాటాకు విసనకర్ర విప్పినట్టుంది.

మన బల్లి కాదు. టయోడాక్టిలస్ రకం. ఉత్తర ఆఫ్రికా నుంచి అరేబియా దాకా రాతి ఎడారుల్లో బతుకుతుంది. బండ నెర్రె ఉంటే చాలు, గుడ్లు కూడా బండకే అతికిస్తుంది. మా కోనసీమలో పుట్టి ఉంటే పాపం, రాయి కోసం ధవళేశ్వరం కొండ దాకా పోవాలి.

నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. అంత దుమ్ములో ఆ వేళ్ళు ఎలా అంటుకుంటాయి? సెల్లో టేపు ఒక్కసారి మట్టిలో పడితే ఇక పనికిరాదు.

బల్లి కాలికి జిగురు ఉండదు, వెంట్రుకలుంటాయి. ఈ సంగతి టోకే అనే పెద్ద బల్లి మీద బాగా పరీక్షించారు. ఒక్కో పాదానికి సుమారు 5 లక్షల వెంట్రుకలు. కొబ్బరి ఈనెల చీపురు తీసుకుని, ప్రతి ఈనె కొసనీ వందల పోగులుగా చీల్చామనుకోండి, అలా ఉంటుంది. ఆ పోగు కొస మిల్లీమీటరులో 5 వేలో వంతు. అంత సన్నం కాబట్టే గోడకు పూర్తిగా ఆనుకుంటుంది. అప్పుడు అణువుల మధ్య ఉండే బలహీనమైన వాన్‌డర్‌వాల్స్ ఆకర్షణ కూడా, కోట్ల కొసల్లో కలిసి, బల్లి బరువు మోస్తుంది. చీపురును కాస్త అదిమి వెనక్కి లాగితే పట్టు. ఈనెను 30 డిగ్రీలు పైకెత్తితే విడుపు.

ఇక దుమ్ము. 2005లో టోకే పాదాలకు సన్నని పొడి అద్ది అడుగులు వేయించారు. నాలుగడుగుల్లోనే, ఒక్క వేలితో వేలాడగలిగేంత పట్టు తిరిగొచ్చింది. ఎందుకంటే గుండ్రటి దుమ్ము రేణువును కొన్ని కొసలే తాకుతాయి, గోడ అంతకన్నా గట్టిగా లాగుతుంది. రేణువు గోడకే ఉండిపోతుంది. నడవడమే కాళ్ళు కడుక్కోవడం!

అరబ్బులు బల్లిని 'అబూ బ్రైస్' అంటారు. ముట్టుకుంటే కుష్ఠు వస్తుందని అక్కడ పాత నమ్మకం. మనకు బల్లిపాటు ఫలితాలు, కంచి బల్లి. ఒంటి మీద ఎక్కడ పడితే ఏమవుతుందో పంచాంగంలో పట్టికే ఉంది, అసలు ఎందుకు పడిందో మాత్రం ఎవరూ రాయలేదు. పోయిన వారం మా నడవలో ఒకటి నా భుజం మీద పడింది. అమ్మ వెంటనే తలస్నానం చెయ్యమంది. నేను కింద చూశాను. బల్లి పక్కనే అరచేతి వెడల్పు సున్నం పెచ్చు. చెమ్మకు పైన గోడ ఉబ్బి ఉంది. ఈ వేసవిలో గీకించి మళ్ళీ వేయించాలి.