అల్మొదోవార్ 1987 సినిమాలో క్వీర్ పాత్రలు: అపోహలు - వాస్తవాలు

మా ఫిల్మ్ సొసైటీలో స్పానిష్ సినిమాలు ఎంపిక చేసేది, షో అయ్యాక చర్చ నడిపేది నేనే. పెద్రో అల్మొదోవార్ తీసిన ‘లా లే దెల్ దెసెయో’ వేసినప్పుడల్లా కొన్ని మాటలు మళ్ళీ మళ్ళీ వినిపిస్తాయి. నాకు ప్రాణమైన సినిమా కాబట్టి జవాబులు రాస్తున్నాను, కథలో కీలకమైన విషయాలు బయటపడతాయి మరి.

అపోహ: నియంత ఫ్రాంకో పోగానే స్పెయిన్‌లో అందరికీ స్వేచ్ఛ వచ్చేసింది.

ఫ్రాంకో చనిపోయింది 1975 నవంబర్‌లో. స్వలింగ సంబంధాలున్నవాళ్ళు సమాజానికి ప్రమాదమంటూ నిర్బంధించడానికి వీలిచ్చే 1970 నాటి చట్టం మాత్రం అలాగే ఉంది, అందులోంచి ఆ అంశాన్ని తీసేయడానికి 1978 డిసెంబర్ దాకా పట్టింది. లింగమార్పిడి ఆపరేషన్ అయితే 1983 వరకూ నేరమే. సినిమాలో తీనా అనే ట్రాన్స్ మహిళ ఆపరేషన్ కోసం మొరాకో వెళ్ళిందంటే అదేదో మెలోడ్రామా కోసం పెట్టారనుకుంటారు చాలామంది, కానీ ఆ తరంవాళ్ళకి సొంత దేశంలో చట్టప్రకారం ఆ దారే లేదు.

అపోహ: అల్మొదోవార్‌కి ముందు ఇలాంటి క్వీర్ కథలు స్పెయిన్‌లో ఎవరూ తీయలేదు.

తీశారు. హైమె దె అర్మిన్యాన్ ‘మి కెరీదా సెన్యొరీతా’ 1972లో, అంటే సెన్సార్ ఉండగానే వచ్చింది. విసెంటె అరాందా ‘కాంబియో దె సెక్సో’ 1977లో, ఎలోయ్ దె లా ఇగ్లేసియా ‘ఎల్ దిపుతాదో’ 1978లో వచ్చాయి.

అపోహ: ట్రాన్స్ పాత్రని ట్రాన్స్ నటి వేయలేదు, కాబట్టి ఇందులో ప్రాతినిధ్యమే లేదు.

మొదటి సగం నిజమే. తీనాగా నటించిన కార్మెన్ మౌరా ట్రాన్స్ మహిళ కాదు, ఆ అభ్యంతరం న్యాయమైనదే. కానీ తీనా పెంచుతున్న ఆదా అనే పిల్లకి కన్నతల్లిగా వేసిన బీబీ ఆండర్సన్ ట్రాన్స్ మహిళ. అరాందా సినిమాలో ట్రాన్స్ పాత్రతో తెరకెక్కిన ఆమెకి పదేళ్ళ తర్వాత ఇక్కడ ఆ ప్రస్తావనే లేని తల్లి పాత్ర దక్కింది, అదీ పిల్లని వేరేవాళ్ళ దగ్గర వదిలి తన దారిన తను పోయే తల్లి, ఎవరి మెప్పూ అక్కర్లేని మనిషి. ఈ రోజుల్లో కూడా ఇలాంటి పాత్రని ఒక ట్రాన్స్ నటికి ఇచ్చేవాళ్ళెందరు?

నాకు ఇబ్బందిగా అనిపించేది వేరే ఉంది. తీనా ఆపరేషన్ చేయించుకోవడం వెనక తండ్రితో ఆమెకున్న లైంగిక సంబంధం ఉందంటుంది కథ. ట్రాన్స్ మనుషులు అలా ఉన్నారంటే వెనక ఏదో గాయం ఉండే ఉంటుందన్న పాత నమ్మకానికి అది ఊతమిస్తుంది, దాన్ని గట్టిగానే విమర్శించాలి. అదే తీనా, ఉక్కపోతగా ఉన్న మాద్రిద్ రాత్రి వీధి కడుగుతున్న మనిషిని తన మీద నీళ్ళు కొట్టమని అడిగి, ఆ ధార కింద ఒళ్ళంతా తడుస్తూ నిలబడే సీన్లో ఎవరి జాలీ అడగదు, మనకీ జాలి గుర్తురాదు.

అపోహ: గే ప్రేమికుణ్ణి హంతకుడిగా చూపించారు, కాబట్టి ఇది గేలకి వ్యతిరేకం.

ఆంటోనియో బాందేరాస్ వేసిన పాత్ర, దాని పేరూ ఆంటోనియోనే, హత్య చేస్తుంది, నిజమే. అయితే అతను ప్రేమించిన పాబ్లో, అంటే తీనా తోబుట్టువు, గే, అతని చేతిలో చనిపోయిన హువాన్ కూడా పాబ్లో ప్రేమించినవాడే, వాళ్ళిద్దరూ హంతకులు కారు. తన ఇంటికి రాసే ఉత్తరాల కింద ఆడపేరు పెట్టమని పాబ్లోని బతిమాలుకునేది ఈ ఆంటోనియోనే, వాళ్ళమ్మ చూస్తుందని భయం. ఆ దాపరికం, పాబ్లో పూర్తిగా తనకే సొంతం కావాలన్న పిచ్చి, ఈ రెండూ కలిసి అతన్ని అక్కడిదాకా తీసుకెళ్ళాయని నేను అనుకుంటాను. బెర్లిన్ చిత్రోత్సవంలో క్వీర్ సినిమాల కోసం టెడీ అవార్డు 1987లో మొదలైంది, ఆ మొదటి ఏడాది ఫీచర్ ఫిల్మ్ విభాగంలో ఈ సినిమాకే ఇచ్చారు.