కుర్చీ ఎక్కగానే రాజుకి పిచ్చెక్కుతుందా? అపోహలు - వాస్తవాలు

ఇరవై ఏళ్లకి పైగా హిస్టరీ చెప్తున్నా, రోమ్ చక్రవర్తి నీరో పాఠమైనా రష్యా రాజు ఇవాన్ పాఠమైనా క్లాసులో వచ్చే డౌట్ మాత్రం ఒకటే, "మేడం, వీడు పుట్టుకతోనే ఇంతా, రాజయ్యాక ఇలా తయారయ్యాడా?" మంచి డౌటే, కానీ దాని వెనక బోలెడు తప్పుడు లెక్కలుంటాయి. నాకు ఎక్కువగా తగిలేవి ఇవీ.

అపోహ: అధికారం ఎవరినైనా చెడగొట్టి తీరుతుందని ఇంగ్లిష్ చరిత్రకారుడు లార్డ్ యాక్టన్ ఎప్పుడో తేల్చేశాడు.

వాస్తవం: అంత గట్టిగా తేల్చలేదండీ. 1887లో పోపుల చరిత్ర రాసిన క్రైటన్‌కి (ఈయన తర్వాత బిషప్ అయ్యాడు) రాసిన ఉత్తరంలో ఆయన అన్నది, అధికారం మనిషిని చెడు వైపు లాగుతుంది, హద్దుల్లేని అధికారమైతే పూర్తిగా చెడగొడుతుంది అని. ఆ "లాగుతుంది" అన్న ముక్క జనం నోళ్లలో ఎప్పుడో ఎగిరిపోయింది. ఇంకో సంగతేంటంటే ఆ ఉత్తరంలో ఆయన కోపం రాజుల మీద కన్నా చరిత్ర రాసేవాళ్ల మీదే ఎక్కువ, పోపులు చేసిన ఘోరాల్ని క్రైటన్ మెత్తగా చూసీచూడనట్టు రాశాడని గొడవ. అంటే ఆ చురక మా లాంటివాళ్లకే!

అపోహ: కిరీటం పెట్టుకున్న రోజు నుంచే బుద్ధి మారిపోతుంది.

వాస్తవం: దీనికి నీరో కన్నా మంచి ఉదాహరణ దొరకదు. క్రీ.శ. 54లో పదహారేళ్లకి చక్రవర్తి అయ్యాడు, మొదటి ఐదేళ్లూ పాలన బాగానే సాగిందని రోమన్లే ఒప్పుకున్నారు, ఎందుకంటే పక్కన సెనెకా, బుర్రస్ అని ఇద్దరు సలహాదార్లున్నారు. బుర్రస్ సైన్యంలోంచి వచ్చిన మనిషి, మొహమాటం లేదు. భార్య ఆక్టేవియాని వదిలేస్తానని నీరో అంటే "సరే, ఆమె తెచ్చిన కట్నం కూడా తిరిగిచ్చెయ్యి మరి" అన్నాట్ట. కట్నం అంటే ఏంటో తెలుసా, సామ్రాజ్యమే, ఎందుకంటే ఆమె నీరోకి ముందున్న చక్రవర్తి క్లాడియస్ కూతురు! 62లో బుర్రస్ పోయాడు, సెనెకా మెల్లగా పక్కకి తప్పుకున్నాడు, అదే ఏడాది ఆక్టేవియాకి విడాకులు, దీవికి తరలింపు, హత్య, అన్నీ అయిపోయాయి. అప్పటికి గద్దెనెక్కి ఎనిమిదేళ్లు. అందుకే నేను క్లాసులో రాజు పట్టాభిషేకం తేదీ కన్నా అతనికి "కాదు" అని చెప్పే మనిషి పోయిన తేదీ చూడమంటాను.

అలాగని పక్కన ఒక పెద్దమనిషి ఉంటే చాలు అనుకోకండి. 59లో నీరో కన్నతల్లిని చంపించినప్పుడు ఆ ఇద్దరూ అక్కడే ఉన్నారు, పైగా దాన్ని సమర్థిస్తూ సెనేట్‌కి వెళ్లిన ఉత్తరం రాసింది సెనెకానే. రాజుతో పాటు సలహాదారు కూడా కొంచెం కొంచెంగా అరిగిపోతాడు, ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు.

(రోమ్ తగలబడుతుంటే ఫిడేల్ వాయించాడన్న కథ వదిలేయండి, 64 నాటికి ఫిడేలే పుట్టలేదు, మంట మొదలైనప్పుడు ఆయన ఊళ్లోనే లేడు. ఇంకో రోమ్ చక్రవర్తి కలిగులా తన గుర్రాన్ని కాన్సుల్ (రోమ్‌లో పెద్ద పదవి) చేశాడన్నదీ అంతే, చేద్దామనుకున్నాడట అని మాత్రమే రాసుంది. ఇవన్నీ రాసింది ఎక్కువగా ఆ రాజులంటే పడని వర్గంవాళ్లు, అదీ ఆ రాజులు పోయాక.)

అపోహ: హద్దుల్లేని అధికారం రాజు లాక్కుంటాడు, జనం పాపం ఏమీ చెయ్యలేరు.

ఇవాన్ విషయం చూడండి. మూడేళ్లకి తండ్రి పోయాడు, ఏడేళ్లకి తల్లి పోయింది, ప్రభువులు కుర్చీ కోసం కొట్టుకుంటుంటే వాళ్ల మధ్యలో బిక్కుబిక్కుమంటూ పెరిగాడు. అయినా 1547లో జార్ (అంటే రష్యా చక్రవర్తి) అయ్యాక మంచి సలహాదార్లతో 1550లో కొత్త చట్టాలు తెచ్చాడు, 1552లో కజాన్ అనే రాజ్యాన్ని గెలిచాడు. 1560 నాటికి ఆ సలహాదార్లు దూరమయ్యారు, ప్రాణంగా చూసుకున్న భార్య అనస్తాసియా కూడా ఆ ఏడాదే పోయింది. 1564 డిసెంబర్‌లో అలిగి మాస్కో వదిలి వెళ్లిపోయాడు, జనం, మతపెద్దలు వెళ్లి బతిమాలారు, అప్పుడు పెట్టిన షరతు ఏంటంటే, ద్రోహులని నాకు ఎవరనిపిస్తే వాళ్లని నా ఇష్టమొచ్చినట్టు శిక్షిస్తాను, అడ్డు రావద్దు అని. సరే అన్నారు! ఆ తర్వాతదే ఒప్రిచ్నినా (తన సొంత ప్రాంతం, సొంత దళంతో ఆయన నడిపిన భయపెట్టే పాలన), 1570లో నొవ్‌గొరొద్ నగరంలో ఊచకోత. చిన్నప్పటి భయం ముందే ఉంది, దానికి కత్తి చేతికిచ్చింది మాత్రం ఆ "సరే".

అపోహ: ఇదంతా సైకాలజీ ప్రయోగాల్లో ప్రూవ్ అయిపోయింది.

విద్యార్థుల్నే కొందర్ని ఖైదీలుగా, కొందర్ని గార్డులుగా పెట్టిన స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం (1971) గురించి చెప్తారు, కానీ గార్డుల్ని గట్టిగా ఉండమని నిర్వాహకుల వైపు నుంచే ఎగదోశారని తర్వాత బయటపడింది, కాబట్టి నేను దాన్ని వాడను. ఇంకో చిన్న ప్రయోగం నాకు నచ్చుతుంది: తమ చేతిలో అధికారం ఉన్న సందర్భాన్ని గుర్తు చేసుకోమని, తర్వాత నుదుటి మీద ఇంగ్లిష్ 'ఈ' అక్షరం రాయమంటే, ఎదుటివాళ్లకి తిరగబడి కనిపించేలా రాసినవాళ్లు ఎక్కువ. క్రూరత్వం ఏమీ కాదు, ఎదుటివాడి కళ్లతో చూడటం తగ్గింది, అంతే. పాపం అది ల్యాబ్‌లో కొన్ని నిమిషాల సంగతి, రాజుకి నలభై ఏళ్లు.

అపోహ: అన్నదమ్ముల్ని చంపాడంటే వాడు రాక్షసుడే.

1595లో టర్కీ ఒట్టోమన్ సుల్తాన్‌గా మూడో మెహ్మెద్ గద్దెనెక్కినప్పుడు పంతొమ్మిది మంది అన్నదమ్ముల్ని చంపించాడు. ఘోరమే, కానీ అది అప్పటి ఒట్టోమన్ ఆనవాయితీ. రిటైర్మెంట్ అనేదే లేని ఉద్యోగంలో పోటీదారుడు బతికుంటే ప్రాణభయమే కదా. కొన్ని తప్పులు మనిషివి, కొన్ని ఆ కుర్చీవి.

అపోహ: మంచివాడికి ఏమీ కాదు, అల్పుడికే తలకెక్కుతుంది.

చైనాలో టాంగ్ చక్రవర్తి షువాన్‌జాంగ్ 712లో మొదలుపెట్టి చాలా ఏళ్లు గొప్పగా ఏలాడు. తర్వాత విసుగొచ్చింది, భారమంతా లీ లిన్‌ఫు అనే మంత్రి మీద వదిలేశాడు. తప్పులెత్తి చూపడమే ఉద్యోగంగా ఉన్న అధికార్లని ఆ మంత్రి పిలిచి, దర్బారు ముందు నిలబడే గుర్రాల్ని చూశారా, నోరు మూసుకున్నంత కాలం మంచి మేత, ఒక్కసారి సకిలిస్తే ఇంటికి, అన్నాడు. ఇక ఎవరూ సకిలించలేదు. 755లో ఆన్ లుషాన్ అనే సేనాని తిరగబడితే చక్రవర్తి రాజధాని వదిలి పారిపోయాడు.

అదే వంశంలో ముందటి తైజాంగ్ కథ దీనికి పూర్తిగా రివర్స్. 626లో అన్నదమ్ముల్ని చంపి మరీ గద్దెనెక్కినవాడు, అయినా చంపిన అన్న దగ్గర పనిచేసిన వే జెంగ్‌ని పక్కన పెట్టుకుని పదిహేడేళ్లు తిట్లు తిన్నాడు. 643లో వే జెంగ్ పోయాక ఏవో అనుమానాలొచ్చి, ఆయన సమాధి ముందు తనే పెట్టించిన శిలాఫలకాన్ని కూలదోయించాడు. 645లో కొరియా వైపు గొగుర్యో మీద యుద్ధానికి వెళ్లి దెబ్బతిని తిరిగొస్తూ, వే జెంగ్ ఉండుంటే నన్ను వెళ్లనిచ్చేవాడు కాదు అన్నాడట. ఆ రాయిని మళ్లీ నిలబెట్టించాడు.