ఎవరికి ఫోన్ చేయాలి?

గర్భిణి ఫోన్ మోగుతుంది. ఎత్తితే ముందే రికార్డు చేసిన గొంతు. ఈ నెలలో ఏం తినాలి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి వంటి విషయాలు చెబుతుంది. ఒకటి రెండు నిమిషాల సందేశం, అంతే. డాక్టర్ అపర్ణా హెగ్డే 2008లో ముంబైలో మొదలుపెట్టిన అర్మాన్ అనే స్వచ్ఛంద సంస్థ ‘ఎమ్‌మిత్ర’ పేరుతో ఇలాంటి కాల్స్‌ని గర్భిణులకు, పసిబిడ్డల తల్లులకు ఉచితంగా పంపుతుంది. మొదట్లో శ్రద్ధగా వింటారు. వారాలు గడిచేకొద్దీ కొందరు పది సెకన్లకే పెట్టేస్తారు, కొందరు అసలు ఎత్తరు.

అలా జారిపోతున్నవాళ్ళతో ఆరోగ్య కార్యకర్త స్వయంగా మాట్లాడితే కొందరు మళ్ళీ వినడం మొదలుపెడతారు. కానీ తల్లులు లక్షల్లో ఉన్నారు, ఫోన్ చేసేవాళ్ళు కొద్దిమందే. ఈ వారం ఎవరికి చేయాలి?

సేవా సంస్థలకు డేటా, కృత్రిమ మేధ ఎందుకు అని అడిగేవాళ్ళకు నేను ముందుగా ఈ ప్రశ్ననే చూపిస్తాను. వెంటనే తోచే జవాబు, మానేసే ప్రమాదం ఎవరికి ఎక్కువుంటే వాళ్ళకి అని. సబబుగానే అనిపిస్తుంది. అయితే వాళ్ళలో కొందరి నంబరే మారిపోయి ఉంటుంది. కొందరింట్లో ఫోన్ పగలంతా భర్త జేబులో ఉంటుంది. ఎన్నిసార్లు చేసినా ఫలితం ఉండదు. మరికొందరు ఎవరూ చెప్పకపోయినా వచ్చే వారం తమంతట తామే వింటారు. ఈ రెండు రకాల మధ్య, ఒక్క పలకరింపుతో దారిలోకి వచ్చేవాళ్ళుంటారు. వెతకాల్సింది వాళ్ళని.

గూగుల్ రీసెర్చ్ ఇండియా శాస్త్రవేత్తలు అర్మాన్‌తో కలిసి ఇందుకు వాడిన గణితం పేరు రెస్ట్‌లెస్ మల్టీ ఆర్మ్‌డ్ బ్యాండిట్. పేరు జూదశాల నుంచి వచ్చింది. వరసగా జాక్‌పాట్ యంత్రాలున్నాయి, చేతిలో కొన్ని నాణేలే ఉన్నాయి, ఏ మీట లాగాలి? ‘రెస్ట్‌లెస్’ అనడం ఎందుకంటే, మనం ముట్టుకోని యంత్రం కూడా ఉన్నచోట ఉన్నట్టు ఉండదు, దాని స్థితి మారుతూనే ఉంటుంది. తల్లులూ అంతే. మనం పలకరించని వారంలోనూ ఒకరు వినడం మానేస్తారు, ఇంకొకరు మళ్ళీ మొదలుపెడతారు. పేరు నమోదు చేసుకున్నప్పుడు చెప్పిన వివరాలను, ఇప్పటిదాకా విన్న తీరును చూసి మోడల్, అంటే ఈ గణితంతో నడిచే కంప్యూటర్ ప్రోగ్రామ్, ఒక్కొక్కరికి రెండు అంచనాలు వేస్తుంది. ఫోన్ చేస్తే వినే అవకాశం ఎంత, చేయకపోతే ఎంత? ఈ రెండిటి మధ్య తేడా ఎవరి విషయంలో ఎక్కువో వాళ్ళ పేర్లు జాబితాలో పైకి వస్తాయి.

23,003 మంది తల్లులతో 7 వారాలు పరీక్షించి, 2022లో ఫలితాలు ప్రచురించారు. ఒక గుంపుకి అదనపు ఫోన్లు లేవు. రెండో గుంపుకి వరుసక్రమంలో చేశారు. మూడో గుంపులో మోడల్ చెప్పినవాళ్ళకి చేశారు. మోడల్ ఎంచిన గుంపులో, మిగతా గుంపులతో పోలిస్తే, వినడం మానేయడం దాదాపు 30 శాతం తగ్గింది. నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం రెండో గుంపు. వరుసగా ఫోన్లు చేసుకుంటూ పోయినా, అసలు చేయని గుంపుతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంత శ్రమపడి మాట్లాడినా, ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే ఆ శ్రమ అంకెల్లో కనిపించకుండా పోయిందన్నమాట.

పశ్చిమ ఆఫ్రికాలోని చిన్న దేశం టోగోది ఇంకో రకం సమస్య. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అక్కడి ప్రభుత్వం ‘నొవిస్సి’ పేరుతో మొబైల్ ద్వారా నగదు సాయం మొదలుపెట్టింది. పేదలెవరో చెప్పే సమగ్ర జాబితా లేదు. పేదలకు నేరుగా నగదు అందించే గివ్‌డైరెక్ట్‌లీ అనే స్వచ్ఛంద సంస్థ, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి ఉపగ్రహ చిత్రాలతో పేద ప్రాంతాలను గుర్తించారు. ఆ తర్వాత ఫోన్ వాడకం తీరును బట్టి మనుషుల పేదరికాన్ని అంచనా వేశారు. ప్రాంతాన్ని బట్టి పంచే పద్ధతులతో పోలిస్తే, అర్హులు తప్పిపోవడం 4 నుంచి 21 శాతం తగ్గింది. అదే అధ్యయనం ఇంకో లెక్క కూడా చెప్పింది. ఇల్లిల్లూ తిరిగి తయారుచేసిన సమగ్ర జాబితా గనక ఉండి ఉంటే, దానితో పోలిస్తే ఈ పద్ధతిలో తప్పిపోయేవాళ్ళు 9 నుంచి 35 శాతం ఎక్కువ. యంత్రం గురించి ప్రచారం చేసేవాళ్ళు మొదటి అంకె చెప్పి ఆగిపోతారు. రెండోది కూడా చెప్పాలి, ఎందుకంటే జాబితా తయారుచేసే ఓపిక, డబ్బు ఉన్నచోట ముందు ఆ పని చేయాలి.

జాబితా అంటే గుర్తొచ్చింది. ఏ చిన్న సంస్థలోనైనా ఎక్సెల్ షీటు తెరిచి చూడండి. ఒకే ఊరి పేరు మూడు రకాలుగా రాసి ఉంటుంది. ఒకే ఫోన్ నంబరు ఐదుగురి ఎదురుగా ఉంటుంది. ‘పిల్లల సంఖ్య’ గడిలో కొన్నిచోట్ల సున్నా, కొన్నిచోట్ల ఖాళీ. సున్నా అంటే పిల్లలు లేరని, ఖాళీ అంటే ఎవరూ అడగలేదని. మోడల్‌కి ఇచ్చేముందు ఎవరైనా ఖాళీలన్నిటినీ సున్నాలుగా మార్చేస్తే, అడగని ఇళ్ళన్నీ పిల్లల్లేని ఇళ్ళయిపోతాయి. అక్కడి పిల్లలకి అందాల్సినవి ఆగిపోతాయి. దాతలు కొత్త సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చినంత సులువుగా ఈ షీటు బాగుచేసే మనిషి జీతానికి డబ్బివ్వరు. ఇది మారాలి.

ఆ సమాచారం మనకెవరు ఇచ్చారన్నది కూడా మరిచిపోకూడదు. అమెరికాలో కష్టంలో ఉన్నవాళ్ళు మెసేజ్ పంపి సాయం అడిగే సంస్థ క్రైసిస్ టెక్స్ట్ లైన్. ఎవరికి ముందు జవాబివ్వాలో తేల్చడానికి అక్కడ మెసేజుల్ని విశ్లేషిస్తారు. ఆ విశ్లేషణలో ‘ఇబుప్రోఫెన్’ అనే నొప్పి మాత్ర పేరు, ‘ఆత్మహత్య’ అనే మాటకంటే పెద్ద ప్రమాద సూచనగా తేలింది. ఆ పద్ధతి ప్రాణాలు కాపాడే రకమైనది. అదే సంస్థ, పేర్లు తీసేసిన సంభాషణల డేటాను తన నుంచే పుట్టిన ఒక వ్యాపార కంపెనీతో పంచుకుందని 2022 జనవరిలో బయటపడింది. విమర్శలు రావడంతో రోజుల్లోనే ఆపేసింది. షరతుల పేజీలో సమ్మతి ఉందన్నారు. అర్ధరాత్రి ఏడుస్తూ టైప్ చేసేవాళ్ళు షరతులు చదివి ఒప్పుకున్నారనుకోవడం నాకు న్యాయంగా తోచదు.

మళ్ళీ ఆ ఫోన్ల జాబితా దగ్గరికే వస్తాను. ఫోనే లేని గర్భిణి పేరు ఏ మోడల్‌లోనూ పైకి రాదు, అసలు అందులో ఆమె వరసే లేదు. ఆమె ఎక్కడుందో ఇంటింటికీ నడిచే కార్యకర్తకి తెలుసు. ఆ కార్యకర్త చూసే స్క్రీన్ మీద, యంత్రం ఇచ్చిన పేర్ల కింద, తనకు తెలిసిన పేరు రాయడానికి ఒక ఖాళీ గడి ఉండాలి.