ఎవరూ ఆపని మాత్ర

పెద్దవయసు మనిషిని ఆసుపత్రిలో చేర్చినప్పుడు వెంట వచ్చే మందుల సంచీని ఒకసారి మంచం మీద కుమ్మరించి చూడండి. సగం వాడిన స్ట్రిప్పులు, కత్తెరతో కత్తిరించిన ముక్కలు (పేరున్న ముక్క ఎప్పుడో పోయి ఉంటుంది), ఒకే డబ్బాలో కలిసిపోయిన తెల్ల మాత్రలు, కిందటేడు దగ్గుకి తెచ్చిన సిరప్పు. వాటిలోంచి ఒక ఎర్ర స్ట్రిప్పు, ఒక నీలం స్ట్రిప్పు తీసి వెనకున్న చిన్న అక్షరాలు చదివితే రెండింటి మీదా ఒకే మాట: ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు. కంపెనీలు వేరు, మందు ఒకటే, బీపీది. ఒకటి పాత డాక్టరు రాసింది, రెండోది కిందటిసారి డిశ్చార్జిలో ఇచ్చింది. మనిషి రెండూ మింగుతున్నారు. నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయని ఆసుపత్రికి తేవాల్సి వచ్చింది కూడా అందుకే కావచ్చు.

రోజూ ఐదు, అంతకు మించి మందులు వాడటాన్ని వైద్యులు పాలీఫార్మసీ అంటారు. ఎక్కువ మందులు వాడటమే తప్పని కాదు. గుండెపోటు వచ్చినవారికి నాలుగైదు నిజంగానే కావాలి. చిక్కంతా ఇంకోచోట ఉంది. ప్రతి మాత్రకీ మొదలుపెట్టిన తేదీ ఉంటుంది, ఎప్పటిదాకా వాడాలో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. ఈలోగా దాన్ని మింగే ఒళ్ళు మారిపోతూ ఉంటుంది.

ఆ మార్పు ఎక్కువగా కిడ్నీలో. చాలా మందులు బయటికి పోయే దారి అదే. రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.0 వస్తే కిడ్నీలు బాగున్నాయనుకుంటాం. కానీ క్రియాటినిన్ అనే ఈ వ్యర్థం పుట్టేది కండరంలో, కిడ్నీ దాన్ని బయటికి పంపుతుంది. వయసుతో కండ కరిగితే అది తయారవడమే తగ్గుతుంది, అందుకే కిడ్నీ నెమ్మదించినా అంకె మామూలుగానే కనిపిస్తుంది. 1976 నుంచి వాడుకలో ఉన్న కాక్‌క్రాఫ్ట్–గాల్ట్ లెక్కతో ఈ సంగతి బయటపడుతుంది. 140లోంచి వయసు తీసేసి, మిగిలినదాన్ని బరువుతో గుణించాలి. దాన్ని క్రియాటినిన్‌కి 72 రెట్లతో భాగించాలి. ఆడవాళ్ళకైతే వచ్చినదాన్ని మళ్ళీ 0.85తో గుణించాలి. 30 ఏళ్ళ, 70 కిలోల మగమనిషికి క్రియాటినిన్ 1.0 ఉంటే జవాబు, అంటే కిడ్నీలు శుభ్రం చేసే రక్తద్రవం, నిమిషానికి 107 మిల్లీలీటర్లు. 82 ఏళ్ళ, 45 కిలోల ఆవిడకి అదే 1.0 ఉంటే జవాబు 31. రిపోర్టులో అంకె ఒకటే, కిడ్నీ చేసే పని మూడో వంతు కన్నా తక్కువ. గాబాపెంటిన్ (నరాల నొప్పికి), డిగాక్సిన్ (గుండెకి), డాబిగాట్రాన్ (రక్తం పల్చబరచడానికి), చాలా యాంటీబయాటిక్కుల మోతాదు ఈ జవాబు చూసి రాయాలి. రిపోర్టులో 1.0 చూసి రాస్తే మగత, వాంతులు, రక్తస్రావం రావచ్చు.

రెండో మార్పు, ఒంట్లో నీటి శాతం తగ్గి కొవ్వు శాతం పెరగడం. నిద్రకి, ఆందోళనకి ఇచ్చే డయజిపామ్ లాంటి మందు కొవ్వులో కరిగి అక్కడే నిలవుండి మెల్లగా బయటికొస్తుంది. ఒంట్లో అది సగానికి తగ్గడానికి 20 ఏళ్ళవారికి సుమారు 20 గంటలు పడితే, 80 ఏళ్ళవారికి 80 గంటలు పట్టవచ్చు. వయసెంతో గంటలంత అని గుర్తుపెట్టుకుంటే చాలు. రోజూ రాత్రి ఒకటి వేస్తే నిన్నటిదీ మొన్నటిదీ ఇంకా లోపలే ఉంటాయి. అర్ధరాత్రి బాత్రూముకి లేచి పడటం, తుంటి ఎముక విరగడం చాలాసార్లు ఇలాగే జరుగుతాయి.

ఇక మందుకి మందు తోడయ్యే గొలుసు. ఆమ్లోడిపిన్ వాడితే కొందరికి పాదాలు వాస్తాయి. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చే వాపు కాదది. చిన్న ధమనులు వెడల్పయి, కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి, నీరు పక్కకి ఊరుతుంది. దానికి నీరు తీసే మాత్ర, ఫ్యూరోసెమైడ్, రాస్తారు. వాపు పెద్దగా తగ్గదు గానీ రక్తంలో నీరూ పొటాషియమూ తగ్గుతాయి, మూత్రం ఆగదు. మూత్రం ఆగట్లేదని ఆక్సీబ్యుటినిన్ వస్తుంది. దాంతో నోరెండిపోవడం, మలబద్ధకం, మతి తప్పినట్టు మాట్లాడటం. అప్పుడు మతిమరుపుకి డొనెపెజిల్. ఈ చివరి రెండూ ఒకదానికొకటి ఎదురు: ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని డొనెపెజిల్ పెంచుతుంది, ఆక్సీబ్యుటినిన్ దాని పనిని అడ్డుకుంటుంది. ఒక చేత్తో కుళాయి తిప్పి ఇంకో చేత్తో కట్టేసినట్టు. మొదట్లోనే ఆమ్లోడిపిన్ తగ్గించి ఉంటేనో, మార్చి ఉంటేనో మిగతా మూడూ వచ్చేవే కావు. పెద్దవాళ్ళలో కొత్త లక్షణం కనిపిస్తే ముందు అడగాల్సింది ఒకటే: ఈమధ్య ఏ మందు మొదలైంది, దేని మోతాదు పెరిగింది?

ఆసుపత్రిలో మందుల జాబితా కనీసం మూడుసార్లు చేతులు మారుతుంది: చేరినప్పుడు, ఐసీయూ నుంచి వార్డుకి వచ్చినప్పుడు, ఇంటికి పంపేటప్పుడు. మందుల వల్ల జరిగే హానిని తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ముందుగా ఎంచుకున్న మూడు అంశాల్లో ఒకటి ఈ చేతులు మారడమే. పాలీఫార్మసీ ఇంకొకటి.

చేరిన రోజు జాబితాని ఒక్క చీటీ చూసి రాసేయకూడదు. కనీసం రెండు ఆధారాలు కావాలి: చీటీ, స్ట్రిప్పులు, మందులు ఇచ్చే ఇంటి మనిషి, వీటిలో ఏవైనా రెండు. మనుషులు మందుగా లెక్కపెట్టనివి పేరుపేరునా అడగాలి: కంటి చుక్కలు, ఇన్‌హేలర్, ఒంటికి అంటించే ప్యాచ్, మూలికల పొడి, దుకాణంలో కొన్న నొప్పి మాత్ర. ఈ ఆఖరిది చిన్న విషయం కాదు. ఎనలాప్రిల్ తరహా బీపీ మాత్ర, నీరు తీసే మాత్ర వాడేవారు పైన ఐబుప్రొఫెన్ కూడా వేసుకుంటే కిడ్నీకి రక్తం అన్ని వైపులా తగ్గి అది ఉన్నట్టుండి దెబ్బతినొచ్చు. వారానికి ఒక్కసారే వేసే మందుల్ని విడిగా అడగాలి. కీళ్ళవాతానికి వారానికోసారి ఇచ్చే మెథోట్రెక్సేట్‌ని పొరపాటున రోజూ ఇస్తే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం పోవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ మరిచిపోయే ప్రశ్న: నిజంగా వేసుకుంటున్నారా? చీటీలో మూడు బీపీ మందులుంటే ఇంట్లో ఒకటే వేసుకునేవారు చాలామంది. వార్డులో నర్సు మూడూ తప్పకుండా ఇస్తుంది. రెండో రోజుకి బీపీ పడిపోతుంది.

వార్డులో కొత్తగా చేరేవి ఇంకో తలనొప్పి. నొప్పి, భయం, నిద్రలేమి వల్ల బీపీ 160 దాటితే ఒక మాత్ర కలుపుతారు. ఇంటికెళ్ళి కుదుటపడ్డాక అది ఎక్కువైపోతుంది. ఎక్కువైందో లేదో చూసే పరీక్ష సులువే. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూసి, నిలబెట్టి ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్ళీ చూడాలి. పై అంకె 20, లేదా కింది అంకె 10 తగ్గితే మందులు తిరగేయాల్సిందే. ఐసీయూలో కడుపులో పుండు పడకుండా మొదలెట్టిన పాంటోప్రజోల్, వార్డు సందడిలో నిద్ర కోసం ఇచ్చిన మాత్ర కారణం తీరిపోయాక కూడా ఏళ్ళ తరబడి సాగుతాయి. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది: ఆపరేషన్ కోసం ఆపిన రక్తం పల్చబరిచే మందుని మళ్ళీ మొదలుపెట్టడం మరిచిపోతారు, కొన్ని వారాలకి పక్షవాతం రావచ్చు.

ఆసుపత్రిలో ఉన్నట్టుండి వచ్చే అయోమయం గురించి ఒక మాట. అరిచి గోల చేస్తే అందరూ గమనిస్తారు. మూలకి తిరిగి పడుకుని, తిండి వద్దని, పిలిస్తే ఆలస్యంగా పలికితే 'నీరసం' అని వదిలేస్తారు. అదీ ఆ అయోమయమే కావచ్చు. జలుబుకి, దురదకి ఇచ్చే క్లోర్‌ఫెనిరమైన్, నిద్రకనో నొప్పికనో ఇచ్చే అమిట్రిప్టిలిన్ దీనికి తరచుగా కారణమవుతాయి. పార్కిన్‌సన్స్ ఉన్నవారికి వాంతులు తగ్గాలని మెటోక్లోప్రమైడ్ ఇస్తే కదలికల్ని నడిపే డోపమైన్ అనే మెదడు రసాయనానికి అడ్డుపడి కాళ్ళూ చేతులూ బిగుసుకుపోతాయి. వాళ్ళ పార్కిన్‌సన్స్ మందు లెవోడోపాని వార్డు సమయానికి కాదు, వాళ్ళ సమయానికి ఇవ్వాలి. అరగంటకు మించి తేడా రాకూడదు.

మింగలేనివారికి మాత్ర నూరి గొట్టంలో పోసే ముందు పేరు చివర చూడాలి. ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్, సీఆర్ అని ఉంటే నూరకూడదు. రోజంతా కొంచెం కొంచెంగా వదలాల్సిన మందు గంటలోపే మొత్తం రక్తంలోకి దిగుతుంది.

2011లో వెలువడిన అమెరికన్ అధ్యయనం ఒకటుంది. 65 దాటినవారు మందుల హానితో అత్యవసరంగా ఆసుపత్రిలో చేరిన సందర్భాల్లో దాదాపు మూడింట రెండు వంతుల్లో నాలుగు రకాల మందులకి పాత్ర ఉంది: రక్తం పల్చబరిచే వార్ఫరిన్, ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్–క్లోపిడోగ్రెల్ తరహావి, షుగర్ మాత్రలు. ఇవి చెడ్డ మందులు కావు, అవసరమైనవే. కానీ మేలుకీ కీడుకీ మధ్య ఎడం తక్కువ. వార్ఫరిన్ వాడేవారికి మెట్రోనిడజోల్, కోట్రైమోక్సజోల్ లాంటి యాంటీబయాటిక్కులు రాస్తే కొద్ది రోజుల్లోనే ఐఎన్ఆర్ (రక్తం ఎంత పల్చబడిందో చూపే అంకె) ఎగబాకుతుంది, వారం దాకా ఆగకుండా ముందే పరీక్షించాలి. గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుని భోజనం మానేస్తే షుగర్ పడిపోతుంది. గ్లూకోజు ఎక్కిస్తే లేచి కూర్చుంటారు, కొన్ని గంటలకి మళ్ళీ పడిపోతుంది. లేచారు కదా అని అదే రోజు ఇంటికి పంపకూడదు.

డిశ్చార్జి కాగితంలో మందుల పట్టిక కాదు, నాలుగు గళ్ళు అడగండి: పాతవాటిలో కొనసాగేవి, మోతాదు మారినవి, కొత్తవి (దేనికి, ఎప్పటిదాకా), ఆపినవి (ఎందుకు). మందు అసలు పేరుతో రాయించుకుంటే ఎర్ర స్ట్రిప్పు, నీలం స్ట్రిప్పు గొడవ ఉండదు. ఇంటికెళ్ళగానే ఆపినవాటి స్ట్రిప్పులు డబ్బాలోంచి తీసేయాలి. కళ్ళ ముందుంటే ఎవరో ఒకరు మళ్ళీ ఇస్తారు.

పెద్దవాళ్ళకి సాధారణంగా వద్దనుకునే మందుల పట్టికలున్నాయి. అమెరికాలో 1991లో మార్క్ బియర్స్ మొదలుపెట్టినది ఒకటి, ఐర్లండ్ నుంచి 2008లో వచ్చిన స్టాప్–స్టార్ట్ ఇంకొకటి. అవి డాక్టరుతో కూర్చుని మాట్లాడటానికి, ఇంట్లో సొంతంగా ఆపడానికి కాదు. గుండెకి, బీపీకి ఇచ్చే బీటా బ్లాకర్‌ని ఒక్కసారిగా ఆపితే గుండెనొప్పి, క్లోనిడిన్ అనే బీపీ మందుని ఆపితే బీపీ ఎగసిపోవడం, ఎక్కువకాలం వాడిన స్టిరాయిడ్‌ని ఆపితే మనిషి కుప్పకూలిపోవడం జరగొచ్చు. ఒకసారి ఒక్క మందే తగ్గించాలి, లేకపోతే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు. చాలాకాలంగా వాడుతున్న నిద్రమాత్రని రెండు వారాలకోసారి నాలుగో వంతు చొప్పున తగ్గించడం ఒక పద్ధతి, చివర్లో ఇంకా నెమ్మదిగా. నెలల తరబడి వాడిన పాంటోప్రజోల్ ఆపాక కొన్ని వారాలు కడుపులో ఆమ్లం మునుపటికన్నా ఎక్కువగా ఊరుతుంది. ఆ మంట చూసి 'ఈ మాత్ర లేకపోతే కుదరదు' అని మళ్ళీ మొదలుపెడతారు. అసలు ఆ మంట మాత్ర ఆపడం వల్ల వచ్చిందే. ముందే ఆ సంగతి చెప్పి, మోతాదు సగానికి తగ్గించి, తర్వాత రోజు విడిచి రోజు ఇచ్చి ఆపితే చాలామంది ఈ వారాలు దాటేస్తారు.