ఏ వస్తువునూ పోలని చిత్రం: పిల్లల అమూర్త చిత్రకళపై అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో పిల్లలకు చిత్రకళ నేర్పుతున్న నాకు, ఈ విషయంలో పెద్దల నుంచి ఎక్కువగా వినిపించే అపోహలివి.

అపోహ: రంగులిచ్చి ఇష్టం వచ్చినట్టు వేయమంటే చాలు, అమూర్త చిత్రం వచ్చేస్తుంది.

వాస్తవం: అలా వదిలేస్తే ఏడెనిమిదేళ్ల పిల్లల్లో చాలామంది రెండు కొండలు, మధ్యన సూర్యుడు, పక్కన ఒక ఇల్లు వేసి తెస్తారు. అలవాటైన బొమ్మ నుంచి చేతిని తప్పించడానికి స్వేచ్ఛ కన్నా హద్దే ఎక్కువ పనికొస్తుంది. అందుకే మొదట పెన్సిలూ కుంచే పక్కన పెట్టించి, రంగు కాగితాలను చేత్తో చింపించి, ఆ ముక్కలను షీటు మీద జరిపి చూడమంటాను. ఒక మూలన పెద్ద నీలం ముక్క పెట్టినప్పుడు ఎదుటి మూల ఎందుకు వెలితిగా కనిపిస్తుందో, అక్కడ చిన్న ఎర్ర ముక్క ఒక్కటే ఆ వెలితిని ఎలా తీరుస్తుందో వాళ్లే కనిపెట్టేదాకా జిగురు ముట్టనివ్వను. ఆ తరువాతి పాఠంలో ఒకే రంగు, దానికి తోడు తెలుపు మాత్రమే ఇస్తాను. పన్నెండు రంగుల డబ్బా మొదటి రోజే తెరిస్తే కాగితమంతా మట్టిరంగు తేలుతుంది.

అపోహ: వస్తువును గుర్తుపట్టలేనంతగా మార్చి వేసినా, అసలు వస్తువే లేకుండా వేసినా ఒకటే.

వాస్తవం: డచ్ చిత్రకారుడు మోండ్రియాన్ 1911 ప్రాంతంలో వేసిన చిత్రాల్లో కొమ్మలు గీతలుగా మారిపోయినా వాటికి మూలం చెట్టే. రష్యాలో మాలెవిచ్ అనే చిత్రకారుడు 1915లో ప్రదర్శించిన నల్ల చతురస్రానికి అటువంటి మూలం లేదు. మన దేశంలో చిత్రకారుడు గైతొండే (1924-2001) కూడా తన చిత్రాలను వస్తురహితాలనే చెప్పుకున్నారు. రెండూ నేర్పదగినవే, కానీ చెట్టుతో మొదలుపెట్టిన పిల్లవాడు చెట్టు కుదిరిందా అని చూస్తాడు గనుక రెండు పాఠాలను కలపను.

అపోహ: మన సంప్రదాయంలో ఇది లేదు.

వాస్తవం: చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గు దేని బొమ్మ? అయితే ముగ్గుకు సమరూపం, ముందే తెలిసిన దారి ఉంటాయి. కాబట్టి చుక్కలను మాత్రం తీసుకుని, ఆ సమరూపాన్ని చెడగొట్టమంటాను. సవర గిరిజనుల గోడ చిత్రాలను కొందరు ఇందుకు ఉదాహరణగా చూపుతారు గానీ అది సరికాదు. వాటిలో మనుషులు, జంతువులు, చెట్లు స్పష్టంగా ఉంటాయి.

అపోహ: ఇందులో తప్పొప్పులు లేవు గనుక దిద్దడానికీ ఏమీ లేదు.

వాస్తవం: ఉంది. అయితే "ఇదేటి బొమ్మమ్మా?" అని అడిగితే, పాపం, ఆ పిల్ల అప్పటికప్పుడు చేప అనో మబ్బు అనో కల్పించి చెబుతుంది. ఎక్కడ మొదలుపెట్టావు, ఏ రంగు ముందుకొస్తున్నట్టుంది, ఇక్కడే ఎందుకు ఆపావు అని అడిగితే తాను చేసిన పని చెబుతుంది, ఒక్కోసారి వెనక్కి వెళ్లి మార్చుకుంటుంది.